బ్రౌన్ అట్ట కింది మొహం

ఏప్రిల్ 6, ఆదివారం

రంజాన్ సెలవులు అయిపోయాయి. ఈ అరబ్బు దేశంలో వారం ఆదివారమే మొదలు. మళ్ళీ స్కూలు బస్సు, మళ్ళీ కిటికీ పక్క సీటు. పొద్దున్నుంచి నన్ను పలకరించింది డ్రైవరు ఒక్కడే. "గుడ్ మార్నింగ్, లైబ్రరీ." నా పేరు అతనికి తెలియదు. అతని పేరు నాకూ తెలియదు.

మధ్యాహ్నం నేను చూసుకునే లైబ్రరీకి ఇంగ్లిష్ టీచరు మిస్ వెర్నా వచ్చారు. చేతిలో లంచ్ డబ్బా కాకుండా పెద్ద సంచీ. నా బల్ల మీద దబ్బున పెట్టారు. అన్నీ ఆవిడ సొంత పుస్తకాలు. కరీబియన్ దీవుల వాళ్ళు, ఆవిడలాంటి నల్లవాళ్ళు రాసిన నవలలు.

"ఈ లైబ్రరీలో ఇంగ్లండు మంచు గురించి కావలసినంత ఉంది. మా ఎండ గురించి ఒక్క పేజీ లేదు. ఎండలో పెరుగుతున్న పిల్లలు వీళ్ళు..."

తలుపు పక్క షెల్ఫ్ ఖాళీ చేయమన్నారు. 'ఇవి చదవండి' అని పైన రాసి పెట్టాలి. ఒక్కోదాని కింద ఒక చిన్న కార్డు — ఎందుకు చదవాలో. ఆ కార్డులు నేను రాయాలి.

"నేనా?"

"మరి లైబ్రరీలో ఇంకెవరున్నారు?"

చుట్టూ చూశాను. నిజమే. ఎవరూ లేరు.

ఏప్రిల్ 9, బుధవారం

మొదటి నవల. అక్క ఇంట్లో వంటింటి పక్క గదిలో కూర్చుని చదువుతున్నాను. ఈ ఫ్లాట్లలో పనిమనిషి కోసం కట్టే గది ఇది. అక్క చాలాసార్లు నొచ్చుకుంది — "సుధా, ఇంకో బెడ్‌రూమ్ ఉన్న ఇల్లు చూస్తున్నారే మీ బావగారు." నాకు ఇదే బాగుంది. మంచం, దీపం, తలుపు. హాస్టల్లో నాకు దొరికింది ఇంతకంటే తక్కువే.

కథలో తల్లి చలిదేశం వెళ్ళిపోతుంది, ముసలివాళ్ళకి స్నానాలు చేయించే పనికి. కూతురు అమ్మమ్మ దగ్గర. ఏడాదికోసారి ఓడలో ఒక పీపా వస్తుంది. సబ్బులు, బియ్యం, బూట్లు, గౌను. గౌను ప్రతిసారీ చిన్నదే. తల్లి దగ్గర ఉన్నది తను వెళ్ళినరోజు కొలత. పిల్ల పెరుగుతుంది. కొలత పెరగదు.

అట్ట మీద ఒక స్త్రీ మొహం. అట్ట అంతా మొహమే. చిక్కటి నలుపు. సూటిగా చూస్తుంది. రాత్రి బల్ల మీద పెడితే — పక్కన ఎవరో ఉన్నట్టే ఉంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

సాయంత్రం సముద్రం ఒడ్డున మిస్ వెర్నా కనిపించారు. మా వీధికి అవతలి బిల్డింగే ఆవిడది. ఇద్దరం నడిచాం.

"మా సముద్రం ఇంత మర్యాదస్థురాలు కాదు" అన్నారు. ఈ ఫింటాస్ తీరం నీళ్ళని చూసి అందరూ మెచ్చుకుంటారు. ఆవిడకి నవ్వొస్తుంది.

చిన్నప్పుడు ఆవిడ క్లాసులో సగం మంది నాలాంటి వాళ్ళేనట. ఎప్పుడో చెరుకు తోటల్లో పనికి ఓడలెక్కి వచ్చినవాళ్ళ మనవలు, మనవరాళ్ళు. "మా ఊళ్ళో నిన్ను ఎక్కడినుంచి వచ్చావని ఎవరూ అడగరు. ఇంత ఆలస్యమైందేం అని అడుగుతారు."

ఆ మాట జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

రెండో నవలలో ఒకచోట చెరుకు తోట. తోట అంచున ఒక మద్రాసు మనిషి, మజ్జిగ అమ్ముతుంది. రెండే వాక్యాలు. కథానాయిక దాహంతో వచ్చి తాగుతుంది, వెళ్ళిపోతుంది. ఆ మనిషికి పేరు లేదు.

మద్రాసు అంటే ఓడ ఎక్కిన రేవు. ఊరు ఏదైనా కావచ్చు. నెల్లూరో, కాకినాడో. మజ్జిగ పోస్తూ ఏ భాషలో విసుక్కుందో.

కార్డు మీద ఏం రాయాలి? 'ఈ నవలలో మా వాళ్ళు రెండు వాక్యాలు ఉన్నారు.' — రాసి చింపేశాను.

ఏప్రిల్ 20, ఆదివారం

లక్ష్ముమ్మ లైబ్రరీ తుడుస్తూ ఆగింది. రాయచోటి మనిషి. స్కూల్లో క్లీనింగ్ కంపెనీ తరఫున పని. నాతో తెలుగులో మాట్లాడేది ఇక్కడ ఆమె ఒక్కతే. పుస్తకాల మీది బొమ్మలు చూడటం ఆమెకి ఇష్టం.

"ఏం పాపా, ఈయమ్మ ఎవురు? నన్ను అప్పిచ్చినట్ల చూస్తాండాదే!"

పీపా కథ చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలియదు. నలుగురిలో నోరు పెగలని దాన్ని. లక్ష్ముమ్మ చీపురు గోడకి ఆనించి, నేల మీదే కూర్చుంది.

"గౌను చిన్నదైపాయనా? ఊ... మా పాపకు చెప్పులు గూడా అంతే. పోయిన కార్గోలో పంపిస్తే, 'అమ్మా, నా కాలు నీకు గుర్తే లేదు' అనె ఫోన్లో. దాని నోరు శానా పెద్దదిలే."

కాసేపు నవ్వింది. తర్వాత — "ఆఖరుకు ఏమైతాది?"

చెప్పబోయాను.

"వద్దొద్దు. చెప్పొద్దు పాపా. వచ్చే నెల లీవుకు పోతాండా. పొయ్యొచ్చినాంక చెబుదువు."

ఏప్రిల్ 22, మంగళవారం

షెల్ఫ్ సిద్ధం. గురువారం లోపల కార్డులు అయిపోతాయి. మిస్ వెర్నా లంచ్ నా బల్ల దగ్గరే. సగం అరటికాయ వేపుడు నాకు పెట్టారు. మా అమ్మ చేసే వేపుడే — కాకపోతే కారం మర్చిపోయినట్టుంది. ఆ మాట పైకి అనేశాను. ఆవిడ అంత గట్టిగా నవ్వడం ఎప్పుడూ చూడలేదు.

"నీకు మాటలు వచ్చే!"

ఏప్రిల్ 25, శుక్రవారం

అక్క వాళ్ళ స్నేహితులు భోజనానికి. రెండు కుటుంబాలు. పీపా పుస్తకం హాల్లో టీపాయ్ మీద వదిలేశాను, నా పొరపాటే. వసుంధర ఆంటీ చేతిలోకి తీసుకున్నారు.

"అమ్మో! ఎవరమ్మా ఈవిడ? మా బుడ్డోడు చూస్తే జడుసుకుంటాడు!"

అందరూ నవ్వారు. "ఏదో స్కూలు పనిలెండి, దానికి దొరికిందల్లా చదువుతుంది" అంది అక్క. ఆంటీ పుస్తకాన్ని బోర్లా పెట్టి దాని మీద స్వీట్ల డబ్బా పెట్టారు.

పుస్తకం గదిలోకి తెచ్చి అట్ట వేశాను. బకాలా కొట్టు నుంచి రొట్టెలు తెచ్చిన కాగితం సంచీ ఉంటే కత్తిరించి. స్వీట్ డబ్బా నూనె అంటుకుంటుందని.

ఏప్రిల్ 27, ఆదివారం

షెల్ఫ్‌లోని మిగతావాటికీ అట్టలు వేశాను. స్టోర్ రూమ్‌లో మంచి బ్రౌన్ పేపరు చుట్ట ఉంది.

కాన్వెంట్లో జూన్ మొదటివారం అంతా ఇదే పని. సిస్టర్ బల్లల మధ్య తిరుగుతూ చూసేవారు. మూలలు లోపలికి మడవాలి. టేపు కాగితానికే అంటాలి, పుస్తకానికి ఎన్నడూ అంటకూడదు. "పుస్తకానికి గాయం కాకూడదు, గర్ల్స్." నా అట్టలు ఎత్తి క్లాసుకి చూపించేవారు. చదువులో కాదు, మాటలో కాదు, ఆటలో కాదు — నేను ఫస్టు వచ్చింది అందులో.

ఇప్పుడు కూడా మూలలు కత్తిలా వచ్చాయి. ప్రతి దాని మీదా తెల్ల చీటీ, పేరు, రచయిత పేరు. ఎంత శుభ్రంగా ఉందో షెల్ఫ్. రేపు ఆవిడ చూడాలి.

ఏప్రిల్ 28, సోమవారం

చూశారు.

తలుపు దగ్గరే ఆగిపోయారు. నేను లేచి నిలబడ్డాను, మెచ్చుకుంటారని.

"ఈ ఎండల్లో వీళ్ళకి చలికోట్లు ఎందుకు?"

తమాషా అనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఒక పుస్తకం తీశారు. పెట్టేశారు. ఇంకొకటి.

"నేను చదువుకున్న స్కూల్లో ఒక్క పుస్తకం మీద కూడా నాలాంటి మొహం లేదు, సుధా. ఒక్కదాని మీద కూడా. ఇప్పుడు ఉన్నాయి. నువ్వు మూసేశావు."

చెప్పాలి. మా స్కూల్లో ఇది గౌరవం అని. అందరం వేస్తామని. వాక్యం గొంతు దాకా వచ్చింది. ఇంగ్లిష్‌లో, సరైన వ్యాకరణంతో సహా వచ్చింది. బయటికి రాలేదు.

పుస్తకాలన్నీ సంచీలో వేసుకున్నారు, అట్టలతోనే.

"ఇంకొకటి ఉండాలి. పీపా పుస్తకం."

"ఇంట్లో ఉంది."

"దానికీ కోటు తొడిగావా?"

తల ఊపాను.

ఏప్రిల్ 29, మంగళవారం

షెల్ఫ్ ఖాళీ. కార్డులు మాత్రం నిలబడి ఉన్నాయి. దేనికీ కాని కార్డులు.

మే 4, ఆదివారం

ఆవిడ ఇప్పుడు స్టాఫ్ రూమ్‌లో తింటున్నారు. కారిడార్లో ఎదురైతే "మార్నింగ్, మిస్ సుధా". మిస్ ఎప్పుడు చేరిందో నా పేరుకి.

మెసేజ్ టైపు చేశాను. చెరిపేశాను. చివరికి ఒక్క చుక్క మిగిలింది. అదీ చెరిపేశాను.

మే 6, మంగళవారం

తూజ్, ఇక్కడి ఇసుకగాలి. ఊరంతా దుమ్ము. కిటికీ బయట పసుపు తప్ప ఏమీ లేదు. బస్సులో ఎవరూ మాట్లాడలేదు. అందరూ నాలాగే ఉన్నారు ఇవాళ.

మే 8, గురువారం

ఖాళీ షెల్ఫ్‌లో పరీక్షల గైడ్లు పెట్టమన్నారు ప్రిన్సిపల్ మేడమ్. పెట్టాను. నిండుగా ఉంది. పిల్లలు వచ్చి తీసుకుంటున్నారు.

కార్డులు నా డ్రాయర్లో.

మే 13, మంగళవారం

లక్ష్ముమ్మ చెప్పింది. ఈ స్కూల్లో ఏ సంగతైనా నాకు చెప్పేది ఆమే.

"వెర్నా మేడమ్ పోతాండాదంట గదా. ఈ యేడుతో ఖలాస్. ఇల్లు ఖాళీ చేస్తాండాది. నాకు కుక్కరు ఇచ్చినాది, కొత్తదే."

"ఎక్కడికి?"

"వాళ్ళ ఊరికే. ఏందో దీవి. నీకు చెప్పలే? నువ్వూ ఆయమ్మా ఒక్క డబ్బాలో తింటాంటిరి గదా..." నా మొహం చూసి ఆగింది. "ఏమన్నా కొట్లాడుకుంటిరా ఏంది?"

"లేదు."

"కొట్లాడింటే మేలు పాపా. కొట్లాడితే మల్లా కలుస్తారు."

మే 16, శుక్రవారం

హైదరాబాద్ నుంచి ఏదో సంబంధం. ఫొటో అడిగారట. అక్క బాల్కనీలో నిలబెట్టి తీసింది. ఫోనులో ఏదో లాగింది, ఏదో జరిపింది.

"ఎక్కువేం చేయలేదే. కాస్త వెలుతురు పెంచానంతే."

చూశాను. ముక్కు నాదే. జడ నాదే. ఆ పిల్ల బాగానే ఉంది, ఎవరో గాని.

"అక్కా, చూడటానికి వచ్చినప్పుడు ఏం చేస్తావు? గదిలో కూడా వెలుతురు పెంచుతావా?"

అక్క ఫోను దించింది. "నీకీ మధ్య మాటలు వస్తున్నాయే" అంది. ఇదే మాట ఇంకొకరు అన్నారు, నవ్వుతూ.

మే 20, మంగళవారం

మెసేజ్! ఆవిడ దగ్గర్నుంచి. రెండు పీరియడ్ల మధ్య పంపారు. ఎన్నిసార్లు చదివానో.

లెక్కల సారా టీచరు చెప్పిందట — ఇండియాలో ప్రతి పిల్లా పుస్తకాలకి అట్టలు వేస్తుందని, అది ప్రేమతో చేసే పని అని, కాన్వెంట్లలో అయితే దానికి మార్కులు కూడా వేస్తారని. 'నేను పెద్దదాన్నై ఉండి అడగకుండా తీర్పు చెప్పాను. నన్ను క్షమించు, సుధా. పీపా పుస్తకం నీ దగ్గరే ఉంచుకో, అది నీదే. శనివారం టీకి రా, నాలుగింటికి. ఇంట్లో కుర్చీలు ఇంకా అమ్మలేదు.'

మిస్ లేదు. సుధా అనే.

బస్సులో డ్రైవరుకి గుడ్ ఈవినింగ్ నేనే ముందు చెప్పాను. అతను వెనక్కి తిరిగి చూశాడు.

మే 22, గురువారం

పుస్తకం నాదే కదా. మొహం చూసుకుందామని అట్ట విప్పాను.

విప్పుతుంటే చర్రుమంది.

టేపు. పుస్తకానికే అంటించాను. ముఖచిత్రం నడిమధ్యలో, అడ్డంగా, రెండు చోట్ల. మెల్లిగా లాగినా ఊడింది — చెంప మీద నుంచి చెవిదాకా ఒక చార. నల్లటి చెంప మీద తెల్లటి చార. లోపలి కాగితం తెలుపు.

ఊడిన కాగితాన్ని దీపం కింద పెట్టుకుని చూశాను.

నేను పుస్తకానికి టేపు అంటించను. ఒకటో క్లాసు నుంచి ఒక్కసారి కూడా అంటించలేదు. నిద్రలో వేసినా నా చేతులు అలా వేయవు. మరి ఆ రోజు... వంటింట్లో గిన్నెల చప్పుడు, హాల్లో ఆంటీ గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. సంచీని కత్తెరతో కూడా కాదు, చేత్తో చింపినట్టున్నాను. అంచు చూస్తే తెలుస్తోంది. ఎంత త్వరగా మూస్తే అంత త్వరగా...

ఇది సిస్టర్ నేర్పిన అట్ట కాదు.

ఇంకొకటి రాయలేదు ఆ రోజు. ఆంటీ అన్నప్పుడు అందరూ నవ్వారని రాశాను. నేను కూడా నవ్వాను.

మే 22, మళ్ళీ

ఆ తర్వాతి ఆదివారం మిగతావాటికి వేసిన అట్టలు — అవి మాత్రం చక్కగా వేశాను. మూలలు, చీటీలు, అన్నీ. ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. అన్నిటికీ వేస్తే ఈ ఒక్కటీ మామూలైపోతుంది. అలవాటు అయిపోతుంది.

సారా టీచరు ఆవిడకి చెప్పింది నిజమే. నా గురించి మాత్రం కాదు.

మే 23, శుక్రవారం

ఉండలేక అక్కకి చెప్పాను. కూరగాయలు తరుగుతూ వింది.

"ఆవిడే సారీ చెప్పిందిగా?"

"చెప్పారు."

"పుస్తకం ఉంచుకోమంది. వచ్చే నెల వెళ్ళిపోతోంది. ఆ చిరుగు ఇంక చూసేదెవరు? వెళ్ళి టీ తాగి, నవ్వుతూ రా. ఆవిడని కూడా నవ్వుతూ వెళ్ళనీ. అనవసరంగా కెలుక్కోకు సుధా... నీకున్నదే ఆవిడ ఒక్కతి."

అక్క చెడ్డగా చెప్పలేదు. నా మంచికే చెప్పింది.

కత్తి పక్కన పెట్టింది. "ఆ రోజు నేనూ నవ్వానా?"

"ఊఁ."

మళ్ళీ తరుగుతోంది.

మే 23, సాయంత్రం

లక్ష్ముమ్మ ఇవాళ ఊరికి. ఎయిర్‌పోర్ట్ నుంచి ఫోన్ చేసింది, ఎందుకో నాకు. "పాపా, చెప్పులు రెండు సైజులు కొన్నా. ఒగటన్నా సరిపోతాది గదా!" వెనక ఏదో అనౌన్స్‌మెంట్, ఎవరిదో పిల్లాడి ఏడుపు. "కథ ఆఖరు మర్సిపోగాకు, యల్లా, టైమాయె, ఉంటా" అని పెట్టేసింది.

ఆఖరు ఏమిటంటే — తల్లి తిరిగి వస్తుంది. రేవులో కూతురి పక్కనుంచే నడిచిపోతుంది. గుర్తుపట్టదు. కూతురు పిలవచ్చు. నోరు తెరుస్తుంది. అక్కడితో పుస్తకం అయిపోతుంది. పిలిచిందో లేదో రాయలేదు.

మొదటిసారి చదివినప్పుడు తల్లి మీద కోపం వచ్చింది.

మే 24, శనివారం

మూడున్నర. ఆవిడ బిల్డింగ్ కింద, నీడలో సిమెంటు బెంచీ. ముందే వచ్చేశాను. ఇంట్లో ఉంటే రానేమోనని.

బయల్దేరుతుంటే అక్క గుమ్మం దగ్గర ఒక గుడ్డసంచీ ఇచ్చింది, పుస్తకం అందులో పెట్టుకోమని. "ఎండ" అంది. వద్దన్నాను. వీధి దాటి ఇక్కడిదాకా చేతిలోనే పట్టుకుని వచ్చాను, మొహం బయటికి. ఎవరూ చూడలేదు. ఎవరూ జడుసుకోలేదు. అప్పుడు మాత్రం ఎందుకు అంత...

ఇంగ్లిష్ వాక్యాలు కూర్చుకున్నాను. మొదటిది సులువు, 'రమ్మన్నందుకు థాంక్స్'. రెండోది, 'సారా టీచరు చెప్పింది నా విషయంలో నిజం కాదు'. మూడోది, 'అందరితో పాటు నేనూ నవ్వాను'. అది చెప్తే ఆవిడ మొహం ఏమవుతుందో తెలియదు. టీ కప్పు కింద పెట్టేస్తారేమో. మళ్ళీ 'మిస్ సుధా' అంటారేమో. ఆ మిస్‌తోనే విమానం ఎక్కేస్తారేమో.

చెప్పకపోతే ఏమీ కాదు. ఏమీ కాదు. నవ్వుతాం. కుర్చీలు ఎవరికి ఇస్తున్నారో చెబుతారు. దీవి నుంచి ఉత్తరాలు రాస్తారు — ఎవరికి? ప్రేమతో అట్టలు వేసే పిల్లకి. ఆ పిల్ల నేను కాదు. అక్క ఫోనులో ఉన్న పిల్లలాగే.

హ్యాండ్‌బ్యాగులో కార్డులు కూడా ఉన్నాయి, డ్రాయర్లోవి. పీపా పుస్తకానికి నిన్న కొత్తది రాశాను: 'ఎవరినైనా గుర్తుపట్టకుండా దాటిపోయినవాళ్ళు ఇది చదవాలి.'

పైన మూడో అంతస్తు బాల్కనీలో ఆవిడ. ఆరిన బట్టలు తీస్తున్నారు. కిందికి చూశారు. నన్ను చూశారు. దుప్పటి భుజాన వేసుకుని చెయ్యి ఊపుతున్నారు — ముందుగానే వచ్చావే, రా, పైకి రా.

పుస్తకం ఒళ్ళో ఉంది. కుడిచేత్తో ఇది రాస్తున్నాను. ఎడమ అరచెయ్యి పుస్తకం మీద ఉంది. ఎప్పటినుంచి ఉందో — సరిగ్గా ఆ చార మీద.

తీయాలి.